చవుటినేల

మా పాఠశాల వార్షికసంచికకు విజ్ఞానశాస్త్రవిషయ మొకటి వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు మమ్ము కోరియున్నారు. సంతోషముగనే యొప్పుకొంటిమి. అయితే మేము వ్రాయబూనిన విషయము మాకు మొదట గ్రంథముల వలన తెలిసినది కాదు; మా తప్పిదము వలన తెలిసినది. కావున విషయముతోపాటు తప్పిదమును గూడ చెప్పక తీరదు. చదువరులు మన్నింతురుగాక.

గుంటూరు, ప్రకాశము మండలముల రేగడి మైదానము మనలో నెఱుగనివారు లేరు. ప్రత్తి తెల్లగా విచ్చుకొనునదియు, మిరప యెఱ్ఱగా పండునదియు ఈ నల్లమట్టియందే. మాఘ ఫాల్గుణములలో కల్లములందు ఆరబోసిన మిరపకాయల ఘాటునకు దారిన పోవువారు తుమ్మక పోరు. అయినను ఇంత మంచి నేల నడుమ, అక్కడక్కడ, మూలగా నొక పట్టు బోడిగా కనబడుచుండును. అదియే చవుడు. రైతులు దానిని రెండు విధములుగా చెప్పుదురు. ఉప్పులు పైకి తేలి తెల్లగా పూసినది పాలచవుడు. సోడియము మట్టి రేణువులను పట్టుకొని, నేల బిగిసి, నీరింకక, నల్లగా జిడ్డుగా కనబడునది కారుచవుడు. ఈ రెండవదే మిక్కిలి క్షారగుణము గలది.

మా నాయనమ్మ చెప్పుచుండెడిది: ఆమె చిన్నతనమున చాకలివారు చవుటిమన్ను తట్టల కెత్తి తెచ్చి, నీట కలిపి, ఆ నీట బట్టలు తడిపి, బానపై ఉబ్బపెట్టి, రేవున ఉదుకుచుండిరట. పంటకు పనికిరాని మన్ను మురికికి మందైనది. ఇంతమాత్రము తప్ప చవుటిని మెచ్చుకొన్న మాట మా ఊర నొకటియు లేదు. పైపెచ్చు చెప్పినది తలకెక్కని పిల్లవానిని “చవుటినేల” యని తిట్టుట పల్లెలయందు పరిపాటి. మేమును బాల్యమున ఆ మాట పడితిమి. పడినవారము మఱవవలసినది కాదు, కాని మఱచితిమి.

గడచిన సంవత్సరము ఎనిమిదవ తరగతివారికి ఆమ్లక్షారముల పాఠము చెప్పుచు, ఎవరి పొలమునుండి వారు పిడికెడు మన్ను తెండని పిల్లలతో చెప్పితిమి. పసుపునీట ముంచి ఆరబెట్టిన కాగితపు ముక్కలను సిద్ధపఱచితిమి. పసుపునకు సున్నము తగిలిన నెఱ్ఱబడి పారాణియగుట మన యాడువారందఱు ఎఱిగినదే. క్షారమేదైనను పసుపును అట్లే మార్చును. మన్ను నీట కలిపి, తేటదేరిన పిమ్మట కాగితము ముంచిన, తీవ్రక్షారమున్నచో రంగు తిరుగును. శిక్షణకళాశాలలో మేము నేర్చిన సులువైన పరీక్ష యిది. ఖర్చు లేనిది, పిల్లలు మఱవనిది.

చాలమంది మట్టికి కాగితము పచ్చగనే యుండెను. వెనుక బల్లపై కూర్చుండు పిల్లవాడొకడు బూడిదవన్నె మన్ను పొట్లము కట్టి తెచ్చెను. వాని కాగితము ఇటుకవలె నెఱ్ఱనయ్యెను. తరగతియంతయు మూగినది.

“ఇది ఎక్కడిదిరా?” యని యడిగితిమి.

“మా చేలోదే, మాస్టారూ. ఆ మూల ఏమీ పండదండి.”

మాకు కావలసిన యుదాహరణము దొరికెనని సంతోషించి, “చూచితిరా? ఇంత క్షారమున ఏ ప్రాణియు బ్రతుకదు. ఇది చచ్చిన నేల. వ్రాసికొనుడు” అంటిమి. అందఱు వ్రాసికొనిరి. వాడు మాత్రము కలము పట్టక నిలుచుండి, “వాన పడ్డాక దానిమీద పచ్చగా తెట్టు కడుతుందండి. ప్రాణం లేకపోతే ఆ పచ్చ ఎట్లా వస్తుందండి?” అనెను.

ప్రశ్న మంచిది. మాకు జవాబు తెలియదు. ఉపాధ్యాయునకు జవాబు తోచనప్పుడు కోపము తోచును. మాకును అట్లే తోచెను. “చవుటినేలను గూర్చి చవుటినేలయే మాటాడవలె. కూర్చో” అంటిమి. పిల్లలు విరగబడి నవ్విరి. అప్పటికి మేమును నవ్వితిమి. నాటినుండి వానికి తరగతిలో “చౌడు” అను పేరు వచ్చెనని మాకు తెలియదు. అర్ధసంవత్సర పరీక్షలో, కారుచవుటియందు జీవులుండునా యను ప్రశ్నకు వాడు “ఉంటాయి” అని యొకే మాట వ్రాసెను. మేము సున్న చుట్టితిమి. తక్కిన ప్రశ్నలకు వాడేమియు వ్రాయలేదు.

సంక్రాంతి సెలవులైన పిమ్మట ఒక యుదయమున వాని తల్లి మిరపకోతకు పోవుచు త్రోవలో పాఠశాలకు వచ్చెను. కారపు మంటకు ఎఱ్ఱబడిన చేతులను కొంగున చుట్టుకొని గుమ్మము బయటనే నిలుచుండెను. లోనికి రమ్మనినను రాలేదు.

“మాస్టారూ, మావాడికి చదువు ఎక్కదని మీరే అన్నారంటగా. మీరన్నారంటే నిజమే అయి ఉంటుంది. రేపటినుంచి నాతో కోతకి తీసుకుపోతాను. వాడి పేరు కొట్టెయ్యండి.”

“మేమెప్పు డంటిమమ్మా?”

“చౌటినేల అన్నారంట. చౌటినేలలో విత్తనం ఎవరు పోస్తారండీ?”

ఆమె మాటలో నిష్ఠూరము లేదు. మా మాటను అంతగా నమ్మినది గనుకనే వచ్చినది. అదియే మమ్ము కలచివేసెను. ఇరువది యేండ్ల బోధనలో మేము చెప్పిన పాఠము లెన్ని యామె యింటికి చేరినవో తెలియదు. ఈ యొక్క మాట మాత్రము చేరినది. “ఒక్క వారము ఆగుమమ్మా. వారమైన పిమ్మట నీ యిష్టము” అని బ్రతిమాలి పంపితిమి.

ఆ శనివారము వానిని వెంటబెట్టుకొని వాని చేనికి పోతిమి. త్రోవలో వాడు మాటాడలేదు. చుట్టును మిరప చెట్లు కాయల బరువున వంగియున్నవి. మూలనున్న చవుటిపట్టు కాలిక్రింద గట్టిగా, పెళుసుగా నుండెను. పచ్చదనము ఎక్కడను లేదు. మేము తిరిగి చూచునంతలో వాడు వంగి, గోటితో నొక పెచ్చు లేపి మా చేతిలో పెట్టెను. ఎండిన నల్లని కాగితమువంటి పలుచని పొర. “ఇదేనండి. వానకి ఇదే పచ్చబడుద్ది” అనెను.

పాఠశాలకు తెచ్చి, పెచ్చును గాజుపళ్ళెములో నుంచి, కాచి చల్లార్చిన నీరు పోసి, మూతవేసి కిటికీకడ పెట్టితిమి. కాపలా వానిదే. మొదటి దినము మార్పు కనబడలేదు. కొన్ని దినములలో అంచులు నీలము కలిసిన యాకుపచ్చకు తిరిగెను. అయిదవనాడు చిన్న ముక్కను గాజుపలకపై పఱచి సూక్ష్మదర్శినిలో వానిని చూడుమంటిమి. వాడు చాలసేపు కన్నెత్తలేదు. పిమ్మట మెల్లగా, “దారాల్లాగా ఉన్నాయి మాస్టారూ. కదులుతున్నాయండి!” అనెను. మేమును చూచితిమి. ముత్యములు గ్రుచ్చినట్లున్న పచ్చని పోగులు, ఒకదానిప్రక్క నొకటి, నింపాదిగా జరుగుచున్నవి. మేము చచ్చినదని వ్రాయించిన నేలలో అవి ఎండినన్నాళ్ళు నిదురించి, నీరు తగులగనే లేచినవి.

ఆ పచ్చని పోగులను నీలిఆకుపచ్చ నాచు అని వాడుకగా పిలుతురు గాని అవి నిజముగా బాక్టీరియా జాతివే. పిమ్మట గ్రంథములు తిరుగవేయగా తెలిసిన సంగతి యేమనగా, కాశీ హిందూ విశ్వవిద్యాలయమునందలి ఆర్. ఎన్. సింగుగారు, ఉత్తరదేశమున ఊసరమని పిలువబడు చవుటినేలలపై వాన కాలమున ఈ పొర పట్టుట గమనించి, గట్లు వేసి నీరు నిలిపి దీనిని పెంచినచో నేల బాగుపడునని 1950వ సంవత్సరముననే ప్రకటించిరి. మా తరగతిలో వెనుక బల్లనుండి వచ్చిన ప్రశ్న అదే త్రోవన బయలుదేరినది. దానికే మేము సున్న చుట్టితిమి.

ఇక క్షారమున ఇవి యెట్లు బ్రతుకుచున్నవి? ఇచ్చట పిల్లలు కొంచెము ఓపిక పట్టవలెను.

ప్రాణికి పని చేయుటకు శక్తి కావలెను. ఆ శక్తిని జీవకణములు ఏటీపీ యను చిన్న పదార్థముగా మార్చి, చేతిలోని చిల్లరవలె క్షణక్షణము వెచ్చించును. ఈ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. ఆయన 1895లో భీమవరమున జన్మించి, హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్కెగారితో కలిసి ఆ పని చేసెను. జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును అదే యేడు వేఱుగా కనుగొనెను. ఇట్టి సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ పరీక్షయందు మూడవ పర్యాయమున గాని ఉత్తీర్ణుడు కాలేదు. రెండవ పర్యాయమునకే పేరు కొట్టివేసియున్నచో ఏమగునో ఉపాధ్యాయులమైన మేము తలచుకొనవలసినదే.

ఏటీపీ తయారగు విధమును 1961లో ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడైన పీటర్ మిచెల్ ఊహించి చెప్పెను. 1978లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది. ఆ విధ మిట్టిది. కణము తన ఆహారమును దహించినపుడు వచ్చు శక్తితో ప్రోటానులను, అనగా ఉదజని పరమాణువునుండి ఎలక్ట్రాను తొలగింపగా మిగులు కణములను, తన పొర యావలికి తోడిపోయును. బయట నిండిన ప్రోటానులు మరల లోనికి రాజూచును. వచ్చు త్రోవలో నొక చక్రము కలదు. నీటిధారకు మిల్లుచక్రము తిరిగినట్లు ఆ చక్రము తిరిగి, తిరిగిన ప్రతి చుట్టునకు మూడు ఏటీపీలను చేసి యిచ్చును.

క్షారమనగా ప్రోటానుల కఱవు. పీహెచ్ అను కొలబద్దలో శుద్ధజలమునకు 7. పైకి ఒక్కొక్క మెట్టెక్కినకొలది ప్రోటానులు పదవ వంతునకు తగ్గును. కారుచవుడు 8.5కు పైబడినది. న్యూయార్కునందు టెరీ క్రుల్విచ్ అను విదుషీమణి చిరకాలము పరిశోధించిన ఒక బాసిల్లసు బయట 10.5 ఉన్నను బ్రతుకును. అప్పుడు దాని లోపల 8.2 ప్రాంతమే యుండును. అనగా బయటికన్న లోపలనే ప్రోటానులు సుమారు రెండువందల రెట్లు ఎక్కువ. ధార బయటినుండి లోనికి పాఱవలసియుండగా వాలు తలక్రిందైనది! కణము లోపల ఋణవిద్యుత్తు బలముగా నుండి ధనకణమైన ప్రోటానును ఆకర్షించుటచేత మాత్రమే కొంత బలము మిగులును. అదియు సాధారణముగా నుండు దానిలో మూడవ వంతునకు మించదు.

ఈ కఱవులో ఆ జీవి చేయు సంసారము చూడుడు. మొదటిది, దాని పొరయందు ఇచ్చిపుచ్చుకొను ద్వారములు కలవు. అవి సోడియమును బయటకు నెట్టి, మాఱుగా ప్రోటానులను లోనికి తెచ్చి, యింటిలోపలి క్షారమును అదుపులో నుంచును. రెండవది, బయటకు నెట్టిన సోడియము ఊరకపోదు. అది మరల లోనికి వచ్చునపుడు ఆహారమును వెంట తెచ్చును. ఈదుటకు తోకను త్రిప్పును. తక్కిన జీవులు ప్రోటానులచేత చేయించుకొను ఈ పనులను ఇది సోడియముచేత చేయించుకొని, దొరికిన కొద్ది ప్రోటానులను ఏటీపీ చక్రమునకే మిగుల్చుకొనును. ఏ సోడియము రైతు నేలను పాడుచేసెనో, ఆ సోడియమే దీనికి జీతము లేని పాలేరు.

మూడవది ఆ చక్రపు నిర్మాణము. ఎత్తునుండి పడు నీరు చిన్న చక్రమునైనను త్రిప్పును. మన సాగరు కాలువలవలె వాలు తక్కువైనచోట చక్రము పెద్దదై, ఆకులు ఎక్కువైనగాని తిరుగదు. ఆవు కణములలోని ఏటీపీ చక్రమునకు ఎనిమిది ఆకులు. మన ప్రేవులలో నుండు కోలై బాక్టీరియమునకు పది. ఆ క్షారప్రియమైన బాసిల్లసునకు పదుమూడు. సోడానీట హాయిగా పెరుగునదియు, నేడు మందుల అంగళ్ళలో మాత్రలుగా దొరకునదియు నగు స్పైరులినాకు పదునైదు. చుట్టొకటికి ఎక్కువ ప్రోటానులు ఖర్చగును. కాని ఒక్కొక్క ప్రోటాను తేవలసిన బలము తగ్గును. బలము తక్కువైనవారు పలువురు చేరి బండి నెట్టినట్లు. బయటకు తోడిన ప్రోటాను దూరము పోయి కలిసిపోకమునుపే పొరవెంబడి జరిగి చక్రమును చేరుచున్నదని గూడ శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. గాలి చొరని క్షారమున నుండు కొన్ని జీవులైతే చక్రమునే సోడియముతో త్రిప్పుకొనును.

ఇవి ఎక్కడనో అరుదుగా నుండునవి కావు. 1968లో జపాను శాస్త్రజ్ఞుడు కోకి హోరికోషి ఇటలీనుండి తిరిగివచ్చి, సోడియము కార్బొనేటు కలిపిన ఆహారద్రవములో తన సంస్థ పరిసరముల మన్ను వేసి చూడగా, మఱునాటికి సూక్ష్మజీవులు విరివిగా పెరిగియుండెనట. అంతకుముందు వెదకినవారు అరుదు గనుక తెలియలేదు. అట్టి జీవులనుండి తీసిన ఎంజైములు నేడు బట్టలుదుకు పొడులలో కలియుచున్నవి. చవుటిమన్నుతో నుదికిన మా నాయనమ్మ కాలమునకును ఈ కాలమునకును చవుడు తెగలేదన్నమాట.

తెలియకయే వీనిని పనికి పెట్టినవారు మన దేశముననే కలరు. అద్దకపువారు నీలిమందు తొట్టిలో సున్నమును, క్షారపు నీటిని, ఉడికించిన తగిరిస గింజలను వేసి పులియబెట్టెడివారు. నీలి నీట కరగదు. తొట్టి యడుగున గాలి లేనిచోట క్షారప్రియములైన బాక్టీరియాలు గింజల పిండిని తిని, ఆ దహనమున మిగిలిన ఎలక్ట్రానులను నీలికి అప్పగించును. నీలి రంగు విడిచి కరగును. ప్రత్తినూలు అందు ముంచి పైకెత్తగా గాలి తగిలి మరల నీలమగును. మన ప్రత్తికి నీలవర్ణము పట్టించినవి ఈ కంటికి కనబడని పనివాండ్రే.

వారము గడచెను. సోమవారము ఉదయము ప్రార్థన ముగిసిన పిమ్మట ఎనిమిదవ తరగతిలో గాజుపళ్ళెమును బల్లపై నుంచి, “మేము చెప్పినది తప్పు. ఇతడు చెప్పినది ఒప్పు. మేమన్న మాట అంతకన్న తప్పు” అని చెప్పితిమి. పిల్లలు నవ్వలేదు. పరీక్షాపత్రము తెప్పించి సున్న కొట్టివేసి, మార్కు వేసి, క్రింద మా సంతకము చేసితిమి. వాడు దానిని రెండు చేతులతో పుచ్చుకొని తలవంచుకొని నిలుచుండెను. తరగతిలో ఒక్కొక్కరుగా వచ్చి సూక్ష్మదర్శినిలో చూచిరి. ఎట్లు చూడవలెనో వాడే చూపెను.

సాయంకాలము వాని తల్లి వచ్చినపుడు ఆమెకును పళ్ళెము చూపితిమి. ఆమె చాలసేపు చూచి, “మా చేలోదేనా అండీ?” యని యడిగెను. అవునంటిమి. “అయితే వాణ్ణి బడిలోనే ఉంచుతాను” అని, కొంగు సర్దుకొని వెడలిపోయెను. అంతకు మించి యామె యేమియు అనలేదు. మేమును అనలేకపోతిమి.

వాడిప్పుడు తొమ్మిదవ తరగతి. తెలివిగలవాడని మేము చెప్పబోము. సాధారణమైన పిల్లవాడే, లెక్కలలో ఇంకను తడబడును. కాని ప్రశ్న అడుగుట మానలేదు. వాని తండ్రి వ్యవసాయశాఖవారి సలహాపై ఆ మూల జిప్సము చల్లి, నీరు కట్టి తీసివేసి, జీలుగ విత్తినాడు. జిప్సములోని కాల్షియము సోడియమును మట్టిరేణువులనుండి తప్పించునని, నీరు దానిని కడిగివేయునని, జీలుగ మురిగి నేల గుల్లబాఱునని వాడే మాకు చెప్పినాడు. అక్కడ మిరప ఎన్నడు పండునో ఇప్పుడే చెప్పలేము. ఒక్క యేట తీరు పని కాదు.

తల్లిదండ్రులకును, సహోపాధ్యాయులకును మా విన్నప మొక్కటే. పంట రాని నేల యుండవచ్చును. అందు ప్రాణము లేదని మాత్రము, వంగి చూడక, ఎవరును పలుకరాదు. ఆ గాజుపళ్ళెము ఇప్పటికిని మా తరగతి కిటికీకడనే యున్నది. ఎండినపుడు నల్లబడును; నీరు పోసినపుడు పచ్చబడును. నీరు పోయుట ఈ యేడును వాని వంతే.